గుడి వెనక అరెకరం

క్రిస్మస్ దాటితే ఇంగ్లీషు సీమ నుంచి గ్రాంటు రాదని బిషప్ గారి ఉత్తరం వచ్చి ఆ మంగళవారానికి పదకొండు రోజులు. ఈలోగా జమ్ములపాడు సంఘం రెండుసార్లు కూర్చుంది. ఏలూరు కాలువ గట్టున అరవై గడపల చిన్న సంఘం అది. చాలామంది పొలం పనుల మీద బతికేవాళ్లు. గురువు లాజరు జీతంలో సగం, బడి పంతులమ్మ జీతం మొత్తం ఆ గ్రాంటులోంచే వచ్చేవి. ఆ పంతులమ్మ లాజరు భార్య బుల్లెమ్మే. దానికి తోడు వేసవిలో కొట్టిన గాలివానకి గుడి కప్పు తూర్పువైపు కుంగిపోయింది. వర్షం పడ్డ ఆదివారాల్లో ఆడవాళ్లు మగవాళ్ల వైపుకి జరిగి కూర్చుంటున్నారు.

దారి చూపించింది సంఘ పెద్ద జక్కయ్య. తాపీమేస్త్రీ, నిక్కచ్చి మనిషి. గుడి వెనక అరెకరం ఖాళీగా పడి ఉంది. రైసుమిల్లు మల్లేశ్వరరావు గారు దాన్ని కొంటానంటున్నారు. అమ్మితే కప్పు వేసుకోవచ్చు, అయ్యగారినీ బడినీ నిలుపుకోవచ్చు. లేదంటే ఈ సంఘాన్ని బెజవాడ గుడిలో కలిపేస్తారు. కమిటీలో అందరూ చేతులెత్తారు. లాజరు కూడా ఎత్తాడు. తీరా గుడి చోటుకీ దాని వెనక నేలకీ కలిపి రాసిన పాత దస్తావేజు బయటికి తీస్తే అందులో ఒక వాక్యం అడ్డుపడింది. 'మా కుటుంబీకుల సమ్మతి లేనిదే ఈ భూమిని అన్యాక్రాంతం చేయరాదు' అని ఉంది. కింద సాంబమూర్తి అనే నేత వర్తకుడి సంతకం. తారీఖు వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనిమిది. ఆయన ఎప్పుడో పోయాడు. కుటుంబం మంగళగిరిలో ఉంది.

ఆ సమ్మతి కోసమే లాజరు మంగళవారం పొద్దున్నే బయలుదేరాడు.

అతనెక్కిన, హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే, బొగ్గుతో నడిచే బస్సు గుణదల దగ్గర మొరాయించింది. మగవాళ్లంతా దిగి తోశారు. బెజవాడ స్టేషన్లో నైజాం ఊళ్ల నుంచి గొడవలకి భయపడి మూటాముల్లెతో వచ్చిన జనం ప్లాట్‌ఫారం నిండా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని గుంటూరు బండెక్కాడు. కృష్ణ నిండుగా పారుతోంది. వంతెన దాటుతున్నంతసేపూ కళ్లు నీళ్ల మీద పెట్టి, అక్కడేం మాట్లాడాలో మనసులో కూర్చుకున్నాడు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట ఎవరో ఉదారంగా ఇచ్చిన దాన్ని అమ్ముకుంటామని చెప్పడానికి మంచి మాట ఏదీ దొరకలేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మగ్గాల చప్పుడు వినబడే వీధిలో నాలుగో ఇల్లు. ఆ ఇంట్లో మాత్రం చప్పుడు పలచగా ఉంది. ఆరు మగ్గాలకి రెండే ఆడుతున్నాయి.

సాంబమూర్తి కొడుకు కోటిలింగం అరుగు మీద నూలు చిలపలు సరిచూసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. లాజరు మెడలోని తెల్లపట్టీ చూసి లేచి నిలబడ్డాడు.

"జమ్ములపాడు నుంచా? రండి రండి, పాదిరీగారూ. మేం ఆ ఊరొదిలి ముప్పై ఏళ్లు దాటిందండీ. కాలవలో ఈతలు కొట్టడం ఒక్కటే గుర్తుంది నాకు."

లాజరు అరుగు చివర కూర్చుని వచ్చిన పని చెప్పాడు. కోటిలింగం దస్తావేజు నకలు రెండుసార్లు చదివాడు.

"మా నాన్న ఇచ్చాడని తెలుసండీ. ఎందుకిచ్చాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజుల్లో మావాళ్లు ఆయన్ని నానా మాటలూ అన్నారట. బిడ్డల సొత్తు కిరస్తానీల పాలు చేశాడని." నవ్వాడు. "నాకేం అభ్యంతరం లేదు. సర్కారు నూలుకి కంట్రోలు పెట్టిన దగ్గర్నుంచి నేనూ రెండు మగ్గాలు అమ్ముకున్నా. గతిలేక అమ్ముకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఇలా ఇవ్వండి, సంతకం పెట్టేస్తాను."

లాజరుకి గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇంత తేలిగ్గా జరుగుతుందని అనుకోలేదు. కాగితం, కలం అందించాడు.

"ఆగరా," అన్న మాట లోపలి నుంచి వినిపించింది.

కోటిలింగం తల్లి చౌడేశ్వరమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"ఆయన్ని లోపలికి తీసుకురా."

కోటిలింగం ఒక్క క్షణం వీధి అటూ ఇటూ చూశాడు. ఆ చూపు లాజరుకి కొత్త కాదు. పుట్టిన దగ్గర్నుంచి అలవాటున్న చూపే. అందుకే తనే ముందుగా, "ఇక్కడ బావుందమ్మా," అన్నాడు.

"బావుండకపోవడానికేం? నిలబడి మాట్లాడే ఓపిక నాకు లేదండీ. లోపలికి రండి."

లోపల చాప పరిచి ఉంది. ఆమె ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"మీ మతంలో ఏదో మార్పు వస్తోందటగా? బజార్లో అనుకుంటున్నారు."

"ఈ నెల ఇరవై ఏడున వేరువేరుగా ఉన్న మా సంఘాలు కొన్ని కలిసి ఒకే సంఘం అవుతున్నాయమ్మా. బిషప్ గారు ఉంటారు. ప్రార్థనలు కూడా ఉంటాయి. పేరు, పద్ధతులు కాస్త మారతాయి."

"మీవాళ్లు ఒప్పుకున్నారా?"

"సగంమంది ఒప్పుకున్నారు. సగంమంది తాతల నాటి ప్రార్థన పుస్తకం పోతుందేమోనని భయపడుతున్నారు."

"మరి మీరో?"

"నేను భయపడుతూనే ఒప్పుకున్నానమ్మా."

ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆపి అడిగింది.

"అమలమ్మ ఉందా?"

లాజరు తడబడ్డాడు. "ఏ అమలమ్మ అమ్మా?"

"మీ సంఘంలో ఎంతమంది అమలమ్మలున్నారు?"

"ఒకావిడ ఉంది. ముసలామె. గుడి ఊడ్చి, నీళ్లు తెచ్చి పెడుతుంది..."

ఆ మాట తన నోటి నుంచి వస్తుంటేనే లాజరుకి ఏదో తప్పు మాట్లాడుతున్నట్టనిపించింది. ఆ ఊరొచ్చి మూడేళ్లయింది. అమలమ్మ గురించి అంతకు మించి చెప్పడానికి అతనికేమీ తెలియదు.

చౌడేశ్వరమ్మ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు కూడా కూర్చోరా. నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పొద్దని ఆవిడే మాట తీసుకుంది. ఇప్పుడు చెప్పకపోతే నేను పోయాక చెప్పేవాళ్లుండరు."

కోటిలింగం గుమ్మం పక్కన చతికిలబడ్డాడు.

"ఆ నేల ఇచ్చిన ఏడు జమ్ములపాడులో కలరా పడింది. మా ఇంట్లో ముందు అత్తగారు పోయింది. మర్నాడు వీడికి తగులుకుంది. మూడేళ్లవాడు. వీడి నాన్న నూలు కోసం మద్రాసు వెళ్లి ఉన్నాడు. నేను నిండు చూలాలిని. చుట్టాలెవరూ గుమ్మం తొక్కలేదు. తప్పు పట్టనులే, ఎవరి పిల్లలు వాళ్లకున్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి వీడి కళ్లు లోతుకు పోయాయి. అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నా. అమలమ్మ మందుల సంచీ వేసుకుని కాలవగట్టు మీద పోతోంది. మిషను దొరసాని గారితో పల్లెలు తిరిగి నాలుగు మందులు ఇవ్వడం నేర్చుకుంది. ఏమైందమ్మా అని ఆమడ దూరాన నిలబడి అడిగింది. చెప్పాను. నీకు పుణ్యముంటుంది లోపలికి రమ్మన్నాను. ఏమందో తెలుసా పాదిరీగారూ? 'రావచ్చా అమ్మా?' అంది."

ఆమె చూపు గుమ్మం వైపు పోయింది.

"పిల్లాడి ప్రాణం మీదకొచ్చినప్పుడు కూడా రావచ్చా అని అడగాల్సొచ్చింది ఆ మనిషికి. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మూడు రోజులు కదల్లేదు. ఉప్పేసిన గంజినీళ్లు ఉగ్గుగిన్నెతో పోసేది. పోసింది పోసినట్టు కక్కేవాడు. తుడిచి మళ్లీ పోసేది. కాచని నీళ్లు చుక్క తాగనివ్వలేదు నన్ను. నేను పడుకుంటే నా పాదాలు కూడా పట్టింది. మూడోనాడు వీడు కళ్లు తెరిచి, 'అమ్మా, ఆకలి' అన్నాడు."

కోటిలింగం తలొంచుకుని ఉన్నాడు. ఇంట్లో ఆడుతున్న రెండు మగ్గాలు కూడా ఎప్పుడు ఆగాయో ఆగాయి. నేతగాళ్లిద్దరూ మగ్గం గుంటల్లో కూర్చునే వింటున్నారు.

"వీడి నాన్న తిరిగొచ్చి, కాలవ పక్క నేల ఆమె పేర రాస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. 'నాకెందుకయ్యా, మావాళ్లు ఎండలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు, వాళ్లకో నీడ చేసుకునే చోటివ్వండి' అంది. తన పేరు ఎక్కడా రాకూడదంది. అలా వచ్చింది మీ గుడి." ఆమె సూటిగా లాజరు వైపు చూసింది. "ఇప్పుడు చెప్పండి. ఆమెని మీ సంఘం ఎలా చూస్తోంది?"

లాజరు నిజం చెప్పకుండా తప్పించుకోవచ్చు. బాగానే చూస్తున్నామమ్మా అంటే ఆమెకి తెలిసే దారి లేదు. పైగా సంతకం ఇంకా కావాలి.

"నెలకి కుంచెడు బియ్యం ఇచ్చేవాళ్లమమ్మా," అన్నాడు. "ఖర్చు తగ్గించుకోవాలని, మొన్న కాదు, అంతకుముందు ఆదివారం అది ఆపేశాం. ఆ కాగితం మీద సంతకం నాదే."

కోటిలింగం చేతిలోని కలం కింద పెట్టి, కాగితం మడిచి లాజరు ముందుంచాడు.

"నావల్ల కాదండీ," అన్నాడు. "ఏమనుకోకండి. ఇంత విన్నాక నా చెయ్యి రాదు."

"నేనైనా అడగలేనండీ ఇక," అన్నాడు లాజరు.

చౌడేశ్వరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "అమ్మొద్దని నేననడం లేదు. మీ ఇబ్బంది మీకుంది. రాసింది సంఘానికే అయినా మేం ఇచ్చుకుంది ఆమెకి. ఆమెని అడగండి. ఆమె అమ్మమంటే నేను వేలిముద్ర వేసి పంపిస్తా. వద్దంటే వద్దు. ఇంతకీ నిజం చెప్పారు. అందుకు సంతోషం. అబద్ధం చెప్పుంటే వీధిలోకి పంపేదాన్ని."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ మధ్యాహ్నం లాజరు ఆ ఇంట్లో, కోటిలింగం పక్కన, అదే బంతిలో కూర్చుని భోంచేశాడు. వడ్డిస్తున్నప్పుడు ఆమె అమలమ్మ గురించి ఇంకా ఏవేవో అడిగింది. చూపు ఆనుతోందా? పళ్లున్నాయా? ఒక్కతే వండుకుంటోందా? కొన్నిటికే లాజరు జవాబు చెప్పగలిగాడు. బయలుదేరేటప్పుడు కోటిలింగం స్టేషన్ దాకా నడిచి వచ్చాడు. బండి కదిలే ముందు కిటికీలోంచి ఒక పొట్లం అందించాడు. ముదురాకుపచ్చ చీర.

"నా మగ్గం మీదదేనండీ. అమ్మకానికి పెట్టింది కాదు. ఆవిడకివ్వండి. కోటిలింగం బతికే ఉన్నాడని చెప్పండి."

తిరుగు ప్రయాణంలో లాజరు దిగులుపడాల్సింది. సంతకం రాలేదు. క్రిస్మస్ మూడు నెలల్లోకి వచ్చింది. కాని అతని మనసు నిండిపోయి ఉంది. ఆ గుడిలో మూడేళ్లుగా తను చెప్పిన ప్రసంగాలన్నీ గుర్తొచ్చాయి. ఆ ప్రసంగాలకి నేల ఇప్పించిన మనిషి ప్రతి ఆదివారం వెనక వరసలో, చాప లేని చోట కూర్చుని విన్నది. బండి వంతెన మీదకి వచ్చేసరికి కళ్లు తడిశాయి. పక్కనున్న ప్రయాణికుడు బొగ్గు నలుసు పడిందేమోనని తుండుగుడ్డ ఇవ్వబోయాడు.

మర్నాడు తెల్లవారాక గుడికి వెళ్లేసరికి అమలమ్మ తూర్పువైపు కుంగిన కప్పు కింద నిలిచిన నీళ్లని చీపురుతో బయటికి తోస్తోంది. బియ్యం ఆపేసి పది రోజులైనా ఒక్కరోజు మానలేదు.

లాజరు చీపురు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "కూర్చో పెద్దమ్మా."

"అదేంటయ్యగారూ, నాకేం నెప్పి?"

ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి చీర చేతిలో పెట్టాడు. ఎవరిచ్చారో చెప్పాడు. అమలమ్మ చాలాసేపు ఆ చీర అంచుని వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

"కోటిలింగానికి జుట్టు నెరిసిందా?"

"కొంచెం నెరిసింది."

"వాళ్లమ్మ చెప్పేసిందన్నమాట." ముసలి మొహంలో సిగ్గులాంటి నవ్వు వచ్చింది. "ఆవిడ తను చేసింది చెప్పి ఉండదులే. మూడోనాడు పిల్లాడు లేచి కూర్చున్నాక నన్ను కాళ్లు కడుక్కుని రమ్మంది. ఇంట్లో పీట వేసింది. తను తినే కంచంలో అన్నం పెట్టింది. నెయ్యి వేసింది. నేను తింటుంటే విసనకర్రతో విసిరింది, నిండు చూలాలు. ఆ తర్వాత ఊళ్లోవాళ్లు ఆ ఇంటి గడప ఏడాది తొక్కలేదు. నేల ఆమె ఇవ్వకపోయినా నేను ఆమెకి రుణపడే ఉందును అయ్యగారూ."

లాజరు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. "నీ బియ్యం ఆపిన కాగితం మీద సంతకం నాదే. నన్ను క్షమించు."

"బియ్యం కోసమా నేను ఊడుస్తా?" అంది అమలమ్మ. అందులో కోపం లేదు. ఆ మాటే అతనికి ఎక్కువ నొప్పి కలిగించింది. ఆ నొప్పిలోనే ఏదో ఊరట కూడా ఉంది.

"ఇప్పుడు అమ్మాలో వద్దో నువ్వే చెప్పాలి. ఆమె నిన్నడగమంది."

అమలమ్మ జవాబు చెప్పబోయేంతలో గుమ్మంలో జక్కయ్య కనిపించాడు. చేతిలో తాపీ, భుజాన తడి తువ్వాలు. పనికి పోతూ దారిలో ఆగినట్టున్నాడు.

"వచ్చారా అయ్యగారూ! సంతకం దొరికిందా? మిల్లు ఆయన రాత్రే కబురు పెట్టాడు."

"దొరకలేదు జక్కయ్యా."

"కుదరదన్నారా?"

"కుదరదనలేదు. ఈ అమలమ్మ ఒప్పుకుంటే ఒప్పుకుంటామన్నారు." లాజరు లేచి నిలబడ్డాడు. దాచాల్సిన పని లేదనిపించింది. సంఘమంతా వినాల్సిన మాట ముందు పెద్ద వినడం మంచిదే అనుకున్నాడు. అమలమ్మ వద్దన్నట్టు చెయ్యి ఎత్తుతున్నా ఆగలేదు. కలరా, ఆ పిల్లాడు, మూడు రోజుల సేవ, ఆ నేల ఎలా వచ్చిందీ అన్నీ చెప్పాడు. "మనం కూర్చున్న ఈ చోటు ఈమె సంపాదించి పెట్టింది జక్కయ్యా. ముప్పై తొమ్మిదేళ్లు మనకి తెలియలేదు. ఈ ఆదివారం గుడిలో నిలబడి అందరితో చెబుతాను. ముందు కృతజ్ఞత చెప్పుకుందాం. కప్పు సంగతి తర్వాత."

జక్కయ్య మొహంలో సంతోషం వస్తుందనుకున్నాడు లాజరు. రాలేదు. జక్కయ్య తాపీని మెల్లగా బెంచీ మీద పెట్టాడు.

"ఏ కలరా?" అన్నాడు.

"దస్తావేజు రాసిన ఏడే. తొమ్మిదివందల ఎనిమిది."

"ఏ నెల?"

లాజరుకి తెలియదు. అమలమ్మ వైపు చూశాడు. ఆమె చీర ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి కూర్చుంది.

"శ్రావణం," అంది నెమ్మదిగా.

"నాకు పదేళ్లు అప్పుడు." జక్కయ్య గొంతు ఎప్పుడూ లేనంత తక్కువగా వచ్చింది. "మా అమ్మకి తగిలింది శ్రావణంలోనే. ఈ పల్లె మొత్తానికి మందు తెలిసినదానివి నువ్వొక్కదానివే. మా నాన్న రెండుసార్లు నీ గుడిసెకి వచ్చాడు. తలుపు వేసి ఉంది. నిన్ను వెతకమని మనిషిని కూడా పంపాడు. మూడు రోజులు మా అమ్మ గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. అమలమ్మ వస్తోందా, అమలమ్మ వస్తోందా అని అడుగుతూనే పోయింది. నువ్వు పొరుగూరెళ్లావని, నీకు తెలియలేదని చెప్పారు నాకు." అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "ఆ మూడు రోజులూ నువ్వు ఆ నేతవాళ్ల ఇంట్లో ఉన్నావా? ఇక్కడికి కూతవేటు దూరంలో?"

మూడేళ్లుగా జక్కయ్య అమలమ్మతో ఒక్కసారి కూడా నవ్వుతూ మాట్లాడిన గుర్తు లేదని లాజరుకి అప్పుడే తట్టింది.

అమలమ్మ తల దించుకోలేదు. కళ్లలో నీళ్లు నిలిచాయి కాని చూపు పక్కకి తిప్పలేదు.

"ఉన్నాను నాయనా," అంది. "మీ నాన్న పంపిన కబురు కూడా నాకందింది."

జక్కయ్య బెంచీ అంచు పట్టుకున్నాడు.

అమలమ్మ ఒళ్లోని చీర తీసి పక్కన పెట్టి, తన ఎదురుగా ఉన్న చోటు చూపించింది.

"కూర్చో. ఆ పిల్లాణ్ణి వదిలి ఎందుకు రాలేదో చెబుతా. అంతా విన్నాక ఈ గుడిలో నన్నుంచాలో వద్దో నువ్వే చెప్పు."